పిన్ను ముత్యం

చెప్పు కోసం వంగితే ముత్యానికి ఎవరూ చెప్పనిది కనబడింది.

భూమేష్ మంచం కింద, ఉల్లిగడ్డల సంచికీ పాత టేబుల్ ఫ్యానుకూ నడుమ, కొత్త అట్టపెట్టె. మడత ఇంకా విప్పలేదు. గోడకు ఆనించి నిలబెట్టి ఉంది, దాని మీద పచ్చ నైలాను తాడు చుట్ట. ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండో కాలు బండ మీద పెట్టి ముత్యం కాసేపు అట్లాగే వంగి ఉండిపోయాడు. తర్వాత మీసాల కింద నవ్వుకున్నాడు. ఎవడో ఇంటికి పోతున్నాడు.

అరబ్బుల దీవిలో హిద్ రేవు వెనక ఉన్న ఆ క్యాంపులో ఆరో నంబరు గదికి ఒక కట్టుబాటు ఉంది. ఇంటికి పోయేవాడు తన పెట్టె తాను కొనుక్కోకూడదు. కొనుక్కుంటే మళ్ళీ వీసా పడదని నమ్మకం. గదిలో ఇంకొకడు కొని తేవాలి, అందరూ కలిసి తాడు కట్టాలి, గంగాప్రసాద్ నాలుగు పక్కలా పేరూ ఊరూ రాయాలి. గంగాప్రసాద్‌ది ముత్యాల్లాంటి రాత, ముత్యానిది గంగలో కలిసిన రాత అని ఆ గదిలో పాత జోకు. పద్నాలుగేళ్ళలో ముత్యం తొమ్మిది మందికి పెట్టెలు కొన్నాడు. జిదాఫ్స్ మార్కెట్లో ఏ దుకాణం అట్ట గట్టిదో, ఏది విమానం ఎక్కకముందే నోరు తెరుస్తుందో అతన్ని అడిగే మిగతా గదుల వాళ్ళు కూడా కొనేవాళ్ళు.

భూమేష్ మంచం కింద పెట్టె ఉందంటే పోయేవాడు భూమేష్ కాడు. గదిలో నలుగురు. భూమేష్‌ను తీసేస్తే ముగ్గురు. తనను తీసేస్తే ఇద్దరు. మల్లేష్ గాని, గంగాప్రసాద్ గాని. ముత్యం లెక్క అక్కడ తేలింది. రెండో చెప్పు ఫ్యాను వెనక దొరికింది.

తెల్లవారకముందే బయల్దేరిన కంపెనీ బస్సులో ముత్యం ఊరుకోలేదు.

"ఏమ్ మల్లేషూ, డబ్బా నీదేనా? చెప్పకుంటనే చెక్కేద్దామనుకున్నవా?"

మల్లేష్ కిటికీలోంచి బయటికి చూశాడు. బయట చూడ్డానికి ఏమీ లేదు. "నాది కాదే అన్నా."

"అయితే గంగ పొంగి ఊరికి పారుతున్నదన్నట్టు."

గంగాప్రసాద్ నవ్వలేదు. గదికి వంట చేసేది అతనే. ముత్యం టిఫిను తెచ్చి ఒళ్ళో పెట్టి, "గుడ్లు రెండు వెట్టిన. మంచిగ తిను" అన్నాడు. మనిషికి రోజూ ఒక గుడ్డే. ముత్యం మూత ఎత్తి చూసుకుని, "ఇయ్యాల్ల కోడికి కూడా నా మీద ప్రేమ పుట్టింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. భూమేష్ ముందు సీట్లో తువ్వాలు ముఖానికి కప్పుకుని నిద్రపోతున్నట్టున్నాడు. నిద్రపోయేవాడి కాలు అట్లా ఊగదు. ముత్యం అదీ పట్టించుకోలేదు. మూడు నెలల పని ఆ పొద్దున పరీక్షకు నిలబడబోతోంది. అతని మనసు బస్సు కంటే ముందే యార్డుకు చేరిపోయింది.

ముత్యానికి యాభై మూడేళ్ళు. సన్నటి మనిషి. ఎండకు ఎండీ ఎండీ మెడ మీద తోలు పాత సీటు కవరులా చీలికలు బారింది. ఎడమ భుజం కుడి భుజం కంటే రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. చొక్కా ఏది తొడిగినా కాలరు ఒక పక్కకే జారుతుంది. కుడిచేతి ఉంగరం వేలు మొదటి కణుపు దగ్గరే అయిపోతుంది. ఆ భుజమూ ఆ వేలూ రెండూ యార్డులోని ట్రాక్టరు ఖాతాలోవే.

యార్డంటే పైపులూ కంటైనర్లూ నిలవ చేసే చోటు. సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. వేసవి గాలి మొదలైతే తెల్లారేసరికి దారుల నిండా ఇసుక పడుకుని ఉంటుంది. ట్రైలర్లు వచ్చేలోగా దాన్ని లేపి పక్కకు తొయ్యాలి. అందుకని కంపెనీ ఏదో వేలంలో పాత ట్రాక్టరు కొన్నది. దాని ముందున్న బ్లేడు ఎక్కడో చలిదేశంలో మంచు తోసిన బ్లేడు. మూల మీద మంచుపువ్వు బొమ్మ ఇప్పటికీ ఉంది, రంగు వెలిసిపోయి. "మంచుల పుట్టి మంటల వడ్డది, నా లెక్కనే" అని ముత్యం పొద్దున పొద్దున దాన్ని ఒకసారి తట్టేవాడు.

మంచైనా ఇసుకైనా బ్లేడు నిటారుగా ఉంటే ముందే పోగవుతుంది. ఏటవాలుగా తిప్పితేనే పక్కకు జారుతుంది. దారి చివరికి పోయి ట్రాక్టరు వెనుదిరిగినప్పుడల్లా వాలు మార్చాలి, లేకపోతే ఇప్పుడే తీసిన ఇసుక మళ్ళీ దారి మీదికే వస్తుంది. బ్లేడు వెనక అర్ధచంద్రంలాంటి ఇనుప పలక, దానికి ఐదు బెజ్జాలు. పిన్ను పీకాలి, భుజంతో బ్లేడును నెట్టాలి, బెజ్జం కలవగానే పిన్ను దించాలి, సుత్తితో దాని తల మీద రెండు దెబ్బలు కొట్టాలి. టక్, టక్. నేను పక్కకు వచ్చేశాను, ఇక నువ్వు పోనీ అని. సీట్లో ఉన్న భూమేష్ అది విని క్లచ్చి వదిలేవాడు. ఇంజను మోతలో మాట వినబడదు, ఆ రెండు దెబ్బలు మాత్రం ఇనుములోంచి కాలికే తెలిసేవి.

పొద్దుటికి నలభై సార్లు. తొమ్మిదేళ్ళు. అందుకే అందరికీ అతను పిన్ను ముత్యం. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ ఒక్కడే లూలూ అని పిలిచేవాడు. అరబ్బీలో అదీ ముత్యమేనట. ఒకప్పుడు ఈ దీవిలో ముత్యం కోసం మనుషులు ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగేవారట. ఇప్పుడు ముత్యమే ఊపిరి బిగబట్టి ఇసుకలో మునిగాడు.

భూమేష్‌ది పక్క ఊరు. తొమ్మిదేళ్ళ కింద ముత్యమే కఫీల్‌ను బతిమాలి పిలిపించాడు, ఇదే యార్డులో ట్రాక్టరు మీద కూర్చోబెట్టాడు. వచ్చిన ఆరు నెలలకు ఒకరోజు, మొదటి దెబ్బ పడి రెండోది పడకముందే, భూమేష్ క్లచ్చి వదిలేశాడు. బ్లేడు కదిలింది. పిన్నుకూ పలకకూ నడుమ వేలు ఉండిపోయింది. ఆఫీసులో ప్రమాదం కాగితం మీద ముత్యం చెప్పి రాయించిన వాక్యం ఒకటే. నా చెయ్యే జారింది. భూమేష్ భార్య జమునకు అప్పుడే కానుపైంది, కొత్త వీసా, మాట వస్తే మనిషి ఇంటికే. ఆసుపత్రి బెంచీ మీద భూమేష్ అతని కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. "నీ వేలు వట్టుకొని వచ్చిన్నే అన్నా. నీ వేలే తీసిన."

"పోనీ తియ్యి. ఇంక తొమ్మిదున్నయి" అన్నాడు ముత్యం.

ఆ పొద్దున పరీక్షకు నిలబడబోతున్న హైడ్రాలిక్ సంగతి కూడా భూమేషే ఎత్తాడు. మూడు నెలల కింద, కంటైనర్ నీడలో టీ తాగుతుంటే. "అన్నా, నీ భుజం వోతున్నది. గీ బ్లేడు తిప్పెతందుకు హైడ్రాలిక్ వెడితే ఎట్లుంటది? సీట్ల కూసొని లివర్ గుంజితే దానంతటదే తిరుగుతది. నువ్వు ఎండల గింత హైరానా పడుడెందుకు?"

ముత్యం కళ్ళు తుడుచుకుని ఇసుక పడిందన్నాడు. తన భుజం సంగతి భార్య వినోద కూడా ఫోనులో అంత దగ్గరగా అడగలేదు. అడగడానికి ఆమెకు అది కనబడితే కదా.

ఊళ్ళో ఉండగా చెరుకు గానుగలూ బోరు మోటర్లూ బాగు చేసిన చెయ్యి అతనిది. వర్క్‌షాపు వెనక చచ్చిపడి ఉన్న ఫోర్క్‌లిఫ్టు నుంచి సిలిండరు ఊడదీశాడు. దాని ఒక చివర ఫ్రేముకు, ఇంకో చివర బ్లేడుకు. ఎంత పొడుగు చాచాలో, ఎంత ముడుచుకోవాలో దారంతో కొలిచి, నేల మీద సుద్దముక్కతో గీసుకున్నాడు. మొదటిసారి బిగిస్తే బ్లేడు కుడికి పూర్తిగా తిరిగింది, ఎడమకు సగంలో ఆగింది. సిలిండరు చివరను పట్టుకునే చెవి పలకను బ్లేడు మీద నాలుగు వేళ్ళు పక్కకు జరిపి మళ్ళీ వెల్డింగు చేశాడు. నాలుగు శుక్రవారాలు, అందరూ మనామా పట్నం పోయి హూరా వీధుల్లో తిరిగొచ్చే సెలవు దినాలు, అతను ట్రాక్టరు కిందనే ఉన్నాడు. ఇసుకలో దాగిన రాయి బ్లేడుకు తగిలితే ఆ దెబ్బకు గొట్టం పగలకుండా, నూనె పక్కకు తప్పుకునే వాల్వు ఒకటి పెట్టాడు. దెబ్బ తగిలితే తప్పుకునే దారి ఇనుముకు పెట్టాడు. తనకు ఒకటి పెట్టుకోవాలని తోచలేదు.

పిన్ను మాత్రం పారెయ్యలేదు. ఎప్పుడైనా గొట్టం పగిలితే పనికొస్తుందని ఫ్రేముకు కొక్కెం వేసి తగిలించాడు. పిన్ను బెజ్జంలో ఉండగా లివర్ లాగకూడదని, లాగితే చెవి పలక చీలుతుందని భూమేష్‌కు మూడుసార్లు చెప్పాడు.

ఆ పొద్దున పరీక్షకు సూపర్‌వైజరు కురియన్ స్వయంగా వచ్చాడు. ఫోను తీసి వీడియో పట్టాడు. భూమేష్ సీట్లో కూర్చుని లివర్ ముందుకు తోశాడు. సిలిండరు ఒకసారి వణికింది, బ్లేడు తలకాయ తిప్పినట్టు మెల్లగా ఎడమకు తిరిగింది. ఇసుక అలలా పక్కకు జారింది. దారి చివర ట్రాక్టరు వెనుదిరిగింది. లివర్ వెనక్కి. బ్లేడు కుడికి. ఎవరూ దిగలేదు. ఎవరూ నెట్టలేదు. మల్లేష్ చప్పట్లు కొట్టి మధ్యలో ఆపేశాడు.

"సాబ్, వీడియో ముజ్‌కో భీ భేజో. ఘర్‌వాలీకో దిఖానా హై" అన్నాడు ముత్యం. ఇంటావిడకు చూపించాలి మరి. కురియన్ అక్కడే పంపించాడు. ముత్యం ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ట్రాక్టరు, బ్లేడు, ఇసుక, లివరు మీద భూమేష్ చెయ్యి. ఓ మూలన ఒక సన్నటి మనిషి ట్రాక్టరు ఆగిన ప్రతిసారీ రెండడుగులు ముందుకు వేసి, గుర్తొచ్చి, మళ్ళీ వెనక్కి పోతున్నాడు. ముత్యం దాన్ని వినోదకు పంపించాడు. కింద ఏమీ రాయలేదు.

పది గంటలకు కురియన్ ఆఫీసుకు పిలిచాడు. ఏసీ చల్లగా కొట్టింది. బ్లేడు పుట్టింటి చలి ఇట్లాగే ఉంటుందేమో అనుకుంటూ ముత్యం కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ముత్యం భాయ్, ఫస్ట్ క్లాస్ కామ్. కఫీల్ బహుత్ ఖుష్."

"లెఫ్ట్ సైడ్ థోడా స్లో హై సాబ్. కల్ ఠీక్ కరేగా." ఎడమ పక్క కొంచెం మెల్లగా ఉంది, రేపు సరిచేస్తానన్నాడు ముత్యం.

"కల్ కుఛ్ నహీ. ఆప్‌కా కామ్ ఖలాస్. గురువార్ కా టికెట్ హై."

రేపేమీ లేదు, నీ పని అయిపోయింది, గురువారం టికెట్టు అంటే సెలవు ముందుకు జరిపారనుకున్నాడు ముత్యం. "ఛుట్టీ మై అగస్ట్ మే మాంగా సాబ్." తాను సెలవు అడిగింది ఆగస్టుకు.

"ఛుట్టీ నహీ భాయ్. క్యాన్సిల్." సెలవు కాదు, వీసాయే రద్దు. కురియన్ సొరుగు తీసి కాగితం ముందుకు జరిపాడు. కింద ముత్యం సంతకం ఉంది. అది ముత్యం పెట్టిందే. పక్కన గ్రీజు బొటనవేలి మచ్చ కూడా అతనిదే. మూడు వారాల కింద, ట్రాక్టరు కింద పడుకుని బోల్టు బిగిస్తుంటే, భూమేష్ వంగి కాగితాలు అందించాడు. కార్డు రెన్యువల్‌కట అన్నా, ఈడ ఒకటి, ఈడ ఒకటి అన్నాడు. పడుకునే పెట్టాడు. పనికి ఇక రాలేను, ఇంటికి పంపండి అని తానే వేడుకున్నట్టు ఆ కాగితంలో ఉందని కురియన్ చదివి చెబితే తెలిసింది.

"మేరేకో కిస్నే..." నన్నెవరు తీయించారని అడగబోయాడు.

కురియన్ చెడ్డవాడు కాదు. ముత్యానికి తెలిసే ఉంటుందని అతను నిజంగానే అనుకున్నాడు. లివర్ పెట్టాక ట్రాక్టరుకు మనిషి ఒక్కడు చాలు, హెల్పరు అక్కర్లేదు అని భూమేషే మూడు నెలల కింద వచ్చి చెప్పాడన్నాడు. ఇద్దరిలో ఒకరిని తగ్గించమని పైనుంచి ఒత్తిడి ఉండిందట. ముత్యం అన్నకు ఇంటికి పోవాలని ఉంది, భుజం నొప్పి అని కూడా భూమేషే చెప్పాడట.

ముత్యం లేచి బయటికి వచ్చాడు. ఎండ కళ్ళలోకి దూకింది. గదిలో నలుగురు. భూమేష్‌ను తీసేస్తే ముగ్గురు. పొద్దున లెక్కలో తప్పు ఎక్కడుందో ఇప్పుడు కనబడింది. తనను తీసేశాడు. తనకంటే ముందే అందరూ తీసేశారు. టిఫిన్లోకి రెండో గుడ్డు ఎందుకొచ్చిందో కూడా.

ట్రాక్టరు కంటైనర్ పక్కన ఆగి ఉంది. బ్లేడు నిటారుగా ఉంది, నడిమి బెజ్జం సూటిగా కలిసి ఉంది. భూమేష్ కొంచెం దూరంలో నీళ్ళ డ్రమ్ము దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. ముత్యం కొక్కెం నుంచి పిన్ను తీశాడు. జానెడు పొడుగు ఉక్కు. తొమ్మిదేళ్ళు అరచెయ్యి ఒరిపిడికి నడుము దగ్గర వెండిలా తేలింది. బెజ్జంలో పెట్టాడు. ఏ అడ్డూ లేకుండా దిగింది. రేపు భూమేష్ సీట్లో కూర్చుంటాడు, కిందికి చూడడు, ఎప్పుడూ చూడలేదు. లివర్ లాగుతాడు. చెవి పలక చీలుతుంది. లివర్ పనికిరాదు, ఇద్దరు మనుషులు కావాలి అని అంటారు. ఆ మాట పై దాకా పోయేసరికి తానుంటే కదా. సరే, తాను లేకపోయినా.

ముత్యం చెయ్యి ఆలోచించకుండానే సుత్తి ఎత్తి పిన్ను తల మీద రెండు దెబ్బలు వేసింది. టక్, టక్.

డ్రమ్ము దగ్గర, ముఖం నిండా నీళ్ళతో, భూమేష్ ఎడమ కాలు గాలిలోకి లేచి, క్లచ్చిని తొక్కినట్టు నేలను తొక్కి మెల్లగా వదిలింది. తర్వాత అతనికి అర్థమైంది. తిరిగి చూశాడు.

భూమేష్ డ్రమ్ము దగ్గర్నుంచి ట్రాక్టరు దాకా నడిచి వచ్చాడు.

"కాయితాలు తెచ్చిననాడు నీకు ఎరుకేనా?" అన్నాడు ముత్యం.

"ఇద్దర్ల ఒకలు పోవుడు ఖాయమన్నరు అన్నా. నన్నడిగిండ్రు. నేనేమనాలె? నా పిల్లగాండ్లు చిన్నోళ్ళు."

"అడుగలే తమ్మీ. నువ్వే పోయి చెప్పినవట."

భూమేష్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. "నేను గాకుంటె ఇంకోడు చెప్పేటోడు."

"డబ్బా ఎప్పుడు తెచ్చినవ్?"

"శుక్రారం."

"శుక్రారం నేను ఆ వాల్వు బిగిస్తున్న. నువ్వు టార్చి వట్టుకున్నవ్."

"వట్టుకున్న."

"ముందుగాల్నే చెప్తే పని ఆపుతననుకున్నవా?"

భూమేష్ తల ఎత్తలేదు. "ఆపవని ఎరుకనే. మొత్తం చేసే పోతవు. గందుకే చెప్పబుద్ధి కాలే."

ముత్యం బ్లేడు వైపు తిరిగాడు. వెల్డింగు గీత మీద బొటనవేలు పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివర దాకా రాశాడు. చేప పొలుసుల్లా వరసగా, ఎక్కడా బుడగ లేకుండా పడింది. ఇంత సాఫు గీత తన చేతి నుంచి ఇంతకుముందు రాలేదు. అది చీలితే చీలేది తన గీత, భూమేష్‌ది కాదు. పిన్ను పైకి లాగి జేబులో వేసుకున్నాడు.

"ఎడమదిక్కు జర మెల్లగ తిరుగుతది" అన్నాడు. "నూనె చూసుకో."

క్యాంపులో ఆ మూడు రోజులూ ఆరో నంబరు గది పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లులా ఉంది. గంగాప్రసాద్ పెట్టె మడత విప్పి, నాలుగు పక్కలా నల్ల మార్కరుతో పేరూ ఊరూ రాశాడు. మొదటిసారి ముత్యాల్లాంటి రాత చెదిరింది. "నాకు మొన్ననే ఎరుకైందే ముత్తన్నా" అన్నాడు. ముత్యం సరేనన్నట్టు చూశాడు. పద్నాలుగేళ్ళ సామాను ఒక భుజం సంచిలోనూ ఒక దుప్పటి మూటలోనూ పట్టింది. వినోద ఫోను చేసి వీడియో గురించి అడిగింది.

"మంచిగ తిరుగుతున్నది గద. అండ్ల నువ్వేం చేస్తున్నవ్?"

"చూస్తున్న" అన్నాడు ముత్యం.

గురువారం మధ్యాహ్నం వ్యాను వచ్చింది. భూమేష్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, పచ్చ తాడు చేతులకు చుట్టుకుని పెట్టె దగ్గర నిలబడ్డాడు. ఆ గదిలో ముడి అతనిదే ముడి. మూడు విమానాలు మారినా ఊడదు. "సామాను వెట్టుకో అన్నా. కట్టేస్త."

ముత్యం సంచి మంచి భుజానికి తగిలించుకున్నాడు. మూట చంకన పెట్టుకున్నాడు.

"తాడు దాచుకో తమ్మీ. నువ్వు పోయేనాడు ఎవడో ఒకడు నీకు డబ్బా కొనాలె గద."

మల్లేష్ కాళ్ళ మీద పడబోతే లేపి వీపు తట్టాడు. వ్యాను ఎక్కేటప్పుడు, అలవాటుగా, బ్లేడును తట్టినట్టు తలుపు రేకును ఒకసారి తట్టాడు. వ్యాను గేటు దాటి, యార్డు మీదుగా పోయే సముద్రం పక్క దారిలో మలుపు తిరిగింది. పొద్దున ట్రాక్టరు తోసినట్టుంది, ఆ దారి మీద ఇసుక లేదు.

గదిలో పెట్టె నేల మీద అట్లాగే ఉంది. పైన అట్ట రెక్కలు రెండూ ఒకదాని కింద ఒకటి దోపి ఉన్నాయి. నాలుగు పక్కలా ముత్యం పేరు. ఖాళీ పెట్టెను కంటికి ఎదురుగా ఎంతసేపు పెట్టుకుంటామని భూమేష్ దాన్ని మంచం కిందికి తోయబోయి, ఒక చివర ఎత్తి దించాడు. లోపల ఏదో దొర్లింది. అటు గోడకు తగిలింది, వెనక్కి వచ్చి ఇటు గోడకు తగిలింది. టక్, టక్. భూమేష్ ఎడమ కాలు కదిలింది. మోకాళ్ళ మీద కూర్చుని రెక్కలు విప్పాడు. అట్ట అడుగున, జానెడు ఉక్కు పిన్ను, తలకు గ్రీజు అంటుకుని, నడుము దగ్గర ఒక అరచెయ్యి వెడల్పున మెరుస్తోంది.